క్రూయిజర్ బండి: సోకెంత, సుఖమెంత?

నలభై దాటిన సాఫ్ట్‌వేరు జీవికి మూడు కోరికలు పుడతాయని మా టీములో ఒక జోకు. ఒకటి మారథాన్ పరిగెత్తడం, రెండు సొంతూళ్ళో ఎకరం పొలం కొనడం, మూడు క్రూయిజర్ బండి కొనడం. మొదటిదానికి మోకాళ్ళు ఒప్పుకోవు, రెండోదానికి ధరలు ఒప్పుకోవు. ఇక మిగిలింది మూడోదే కాబట్టి అందరూ దాని మీద పడతారు. నేనూ పడ్డాను. ఆరు నెలలుగా లంచ్ టైములో కూర చల్లారిపోతున్నా పట్టించుకోకుండా మేము కొట్టుకుంటున్నది ఒక్కదాని గురించే: బండి కొనేటప్పుడు చూడాల్సింది సోకా, సుఖమా?

"రెండూ చూడాలి బాసూ" అని పెద్దమనిషి తరహాలో చెప్పేసి తప్పుకోవచ్చు. కానీ రెండూ నూటికి నూరు ఇచ్చే బండి ఇంతవరకూ ఎవడూ చెయ్యలేదు. ఒకటి కావాలంటే రెండోదాంట్లో కొంత వదులుకోవాలి. ఎంత వదులుకోవచ్చు, ఎక్కడ వదులుకోవచ్చు, ఎక్కడ అంగుళం కూడా వదలకూడదు అన్నదే అసలు లెక్క. నా మట్టుకు నాకు ఒక లెక్క తేలింది. అది చెబుదామనే ఈ టపా.

క్రూయిజర్ అంటే ఏంటో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. సీటు నేలకి దగ్గరగా ఉంటుంది. హ్యాండిల్ ఎత్తుగా, వెడల్పుగా ఉంటుంది. కాళ్ళు కిందకి కాకుండా ముందుకి చాపుకునేలా ఫుట్‌పెగ్గులు ఉంటాయి. నీటిబొట్టు ఆకారంలో ట్యాంకు, దూరంగా జరిగిన ముందు చక్రం. మొత్తమ్మీద పడక్కుర్చీకి ఇంజను బిగించినట్టుంటుంది. మన తరానికి ఈ పిచ్చి కొత్తదేం కాదు. ఇంజనీరింగ్ రోజుల్లో యమహా ఎంటైసర్ ఉన్నవాడు కాలేజీలో హీరో. 2001లో బజాజ్ వాళ్ళు కవాసాకి పేరుతో ఎలిమినేటర్ తెచ్చారు, 2002లో ఎన్‌ఫీల్డ్ వాళ్ళు థండర్‌బర్డ్ తెచ్చారు, 2005లో ఎలిమినేటర్ కాస్తా అవెంజర్ అయ్యింది. దాని మీద కూర్చుంటే దేవుడైపోయినట్టు ఉంటుందని ప్రకటనలు కూడా చేశారు. ఆ రోజుల్లో అది కొనడానికి డబ్బుల్లేక, తర్వాత డబ్బులొచ్చినా కారు, ఫ్లాటు, పిల్లల ఫీజులు అంటూ వాయిదా వేసినవాళ్ళమే ఇప్పుడు షోరూముల్లో తేలుతున్నాం. 2020 నవంబరులో మీటియర్ 350, 2023 జనవరిలో సూపర్ మీటియర్ 650 వచ్చాక ఈ తాకిడి ఇంకా పెరిగింది.

సరే, పాయింటుకొద్దాం. క్రూయిజర్ చూడగానే ఎవరైనా అనేది "అబ్బ, ఎంత సుఖంగా కూర్చోవచ్చో" అని. అక్కడే ఉంది మెలిక. సుఖంగా *కనపడటం* వేరు, సుఖంగా *ఉండటం* వేరు. నమ్మకపోతే ఇప్పుడు మీరు కూర్చున్న కుర్చీలోనే ఒక ప్రయోగం చెయ్యండి. (పక్క క్యూబికల్ వాడు చూడకుండా చేస్తే మంచిది.) కాళ్ళు బాగా ముందుకి చాపండి. ఇప్పుడు చేతులు దేనికీ ఆనించకుండా, కాళ్ళు వెనక్కి లాక్కోకుండా, ఒక్క అంగుళం పైకి లేవండి చూద్దాం. లేవలేరు. కాళ్ళు నడుము కింద ఉంటేనే ఒంటి బరువుని మోయగలవు. ముందుకి చాపిన కాళ్ళు ఫోటోకి బావుంటాయి తప్ప మోతకి పనికిరావు.

మామూలు బండి మీద వెళ్తూ గుంత కనపడితే మనకి తెలియకుండానే ఒక పని చేస్తాం. ఫుట్‌పెగ్గుల మీద బరువు వేసి, సీటు మీంచి వెంట్రుకవాసి పైకి లేస్తాం. ఆ కుదుపు మోకాళ్ళు మింగేస్తాయి. కాళ్ళు పూర్తిగా ముందుకి చాపుకునే క్రూయిజర్ మీద ఆ అవకాశం లేదు. వచ్చిన కుదుపు వచ్చినట్టే నడ్డికి వెళ్తుంది. నడ్డి నుంచి వెన్నుకి. మధ్యలో ఆపడానికి ఉన్నవి రెండే, సీటులో ఫోము, వెనక షాకబ్జార్బర్లు.

ఇక ఆ షాకబ్జార్బర్ల సంగతి. సీటు నేలకి దగ్గరగా ఉండాలి, బండి నేలబారుగా సాగినట్టు కనపడాలి అని డిజైనర్ అనుకున్నాడంటే, వెనక చక్రం పైకీ కిందకీ కదలడానికి మిగిలే చోటు తగ్గిపోతుంది. సూపర్ మీటియర్ 650నే తీసుకోండి. సీటు ఎత్తు 740 మిల్లీమీటర్లు. వెనక సస్పెన్షన్ కదిలేది 101 మిల్లీమీటర్లు, అంటే నాలుగంగుళాలు. అదే కంపెనీ పాత హిమాలయన్ 411 కి సీటు 800, వెనక సస్పెన్షన్ 180. చోటు తక్కువున్నప్పుడు స్ప్రింగు గట్టిగా పెట్టాలి, లేకపోతే ఇద్దరు ఎక్కి గుంతలో పడగానే అడుగుకి తగిలి దబ్బుమంటుంది. గట్టి స్ప్రింగు అంటే చిన్న చిన్న గతుకులు కూడా లెక్క తప్పకుండా పైకి అందుతాయి. ఇది ఏ ఒక్క కంపెనీ తప్పూ కాదు, ఆ ఆకారంలోనే ఉన్న బేరం. తక్కువ ఎత్తు, నాజూకు ఆకారం, మెత్తటి ప్రయాణం, ఈ మూడింట్లో రెండే తీసుకోమంటుంది.

మరి ఇలాంటి ఆకారాన్ని ఎవరు కనిపెట్టారు, ఎందుకు కనిపెట్టారు అంటే అమెరికా వెళ్ళాల్సిందే. 2008లో ఆన్‌సైట్ మీద ఫీనిక్స్‌లో ఉన్నప్పుడు మా క్లయింటు టీములో ఒకాయనకి హార్లీ ఉండేది. ఒక శనివారం ఆయన వెనక కూర్చుని టూసాన్ దాకా వెళ్ళాను. సుమారు 185 కిలోమీటర్లు. గీత గీసినట్టు రోడ్డు, రెండు పక్కలా ఎడారి. ఆయన దారిలో బ్రేకు మీద కాలు పెట్టింది నాకు గుర్తున్నంతలో రెండుసార్లు. ఆ రోజు అర్థమైంది, ఈ బండి ఆ రోడ్డుకి పుట్టిన బిడ్డ అని. గంటల తరబడి గేరు మార్చక్కర్లేదు, వంగక్కర్లేదు, లేవక్కర్లేదు. కాళ్ళు చాపుకుని కూర్చోవడమే అక్కడ పని. అలాంటి చోట కాళ్ళు చాపుకోవడం నిజంగానే సుఖం. (అరిజోనాలో 18 ఏళ్ళు దాటినవాళ్ళకి హెల్మెట్ కూడా తప్పనిసరి కాదు. ఆయన పెట్టుకోలేదు, నేను అడిగి మరీ పెట్టుకున్నాను. మన భయాలు మనవి.)

ఆ బండినే తెచ్చి మియాపూర్ నుంచి గచ్చిబౌలికి నడపండి. నేను రోజూ వెళ్ళే దారి అది. పట్టుమని పన్నెండు కిలోమీటర్లు ఉండదు, క్లచ్చు ఎన్నిసార్లు నొక్కుతామో లెక్కేస్తే ఎడమచేతికి పీఎఫ్ ఇవ్వాలి. దానికి తోడు స్పీడ్ బ్రేకర్లు. స్పీడ్ బ్రేకర్ ఎలా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రాసిపెట్టింది. ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, గంటకి 25 కిలోమీటర్ల వేగంతో సాఫీగా దాటేలా ఉండాలట. 3.7 మీటర్ల వెడల్పున్న స్పీడ్ బ్రేకర్ మీ కాలనీలో ఎక్కడైనా చూశారా? మా కాలనీలో ఉన్నది ఎవరో పోసి మర్చిపోయిన సిమెంటు గట్టు. దాన్ని దాటేటప్పుడు బండి కింద చోటు ఎంతుందో కూడా చూసుకోవాలి. సూపర్ మీటియర్‌కి అది 135 మిల్లీమీటర్లు, చిన్న మీటియర్‌కి 170. పెద్ద బండికి రెండు చక్రాల మధ్య దూరం ఒకటిన్నర మీటర్లు. దూరం ఎక్కువ, కింద చోటు తక్కువ, మధ్యలో సిమెంటు గట్టు. ఎనిమిదో తరగతి జామెట్రీ చాలు, కడుపు ఎక్కడ గీసుకుంటుందో చెప్పడానికి.

ఇంతవరకూ చదివి "ఓహో, వీడు క్రూయిజర్లు వద్దంటున్నాడు" అనుకునేరు. కానే కాదు. సుఖమే లెక్కయితే యాక్టివా కొనుక్కుని ఊరుకోవచ్చు. గేర్లు లేవు, కాళ్ళ దగ్గర గ్యాస్ బండ పెట్టుకోవచ్చు, కూరగాయల సంచి తగిలించుకోవచ్చు. మా ఇంట్లో ఒకటుంది, దాని మీద నాకు ఎనలేని గౌరవం. కానీ ఆదివారం పొద్దున్నే ఆరింటికి అలారం పెట్టుకుని లేచి యాక్టివాని తుడిచినవాణ్ణి నేనింకా చూడలేదు. సోకు అంటే వట్టి టింగురంగా వేషం అనుకునేవాళ్ళతో నాకు పేచీ అక్కడే. చూడగానే ఎక్కాలనిపించని బండి నెల తిరక్కుండా సెల్లారులో కవరు కప్పుకుని పడుకుంటుంది. అప్పుడు దాని సీటు ఎంత మెత్తగా ఉంటే మాత్రం ఎవరికి లాభం? వెనక్కి తిరిగి చూసుకోవాలనిపించడం కూడా బండి చెయ్యాల్సిన పనుల్లో ఒకటే. పైగా ఆ సోకులోంచే కొన్ని సుఖాలు పుట్టాయి. సీటు కిందకుంటే ఐదడుగుల మూడంగుళాల మనిషికి కూడా రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనతాయి. బయోడైవర్సిటీ సిగ్నల్ దగ్గర వర్షంలో ఆగినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

అమెరికా వాళ్ళు ఈ సోకు-సుఖాల గొడవని ఎలా తీర్చారో చెబితే మీలో డిజైన్ చేసేవాళ్ళకి నచ్చుతుంది. పూర్వం మోటారుసైకిళ్ళకి వెనక సస్పెన్షనే ఉండేది కాదు. వెనక చక్రం నేరుగా ఫ్రేముకే బిగించేసేవారు. దాన్ని హార్డ్‌టెయిల్ అనేవారు. నడ్డి విరగ్గొట్టేది, కానీ చూడ్డానికి ఒకే గీతలా హ్యాండిల్ నుంచి వెనక చక్రం దాకా జారినట్టు ఎంతో అందంగా ఉండేది. సస్పెన్షన్ వచ్చాక ఆ గీత చెదిరిపోయింది. జనానికి సుఖం కావాలి, కానీ పాత గీతే కావాలి. మిస్సోరీకి చెందిన బిల్ డేవిస్ అనే ఇంజనీరు వెనక సస్పెన్షన్‌ని కనపడకుండా దాచేసే డిజైన్ చేశాడు. హార్లీ వాళ్ళు అది కొనుక్కుని, షాకబ్జార్బర్లు బండి అడుగున పడుకోబెట్టి, 1984 మోడల్‌గా సాఫ్ట్‌టెయిల్ అనే పేరుతో వదిలారు. బయటికి చూస్తే 1940ల నాటి సస్పెన్షన్ లేని బండి, లోపల సస్పెన్షన్ ఉన్న బండి. పాత స్క్రీనుకి అలవాటుపడ్డ యూజరుని కదిలించకుండా వెనకాల సర్వరు మొత్తం మార్చెయ్యడమన్నమాట. నాకు తెలిసి సోకుకీ సుఖానికీ మధ్య జరిగిన రాజీల్లో ఇంత నిజాయితీ అయినది ఇంకోటి లేదు. సోకు కోసం సుఖాన్ని చంపలేదు, సుఖం కోసం సోకుని చంపలేదు. రెండింటికీ కలిపి ఒక ఇంజనీరు కష్టపడ్డాడు. మన బడ్జెట్ బండ్లలో అంత కష్టం ఎవరూ పడరు, ఆ ధరకి కుదరదు కూడా. కాబట్టి కష్టం కొనేవాడే పడాలి.

ఆ కష్టం ఎలా పడాలి? మన భాషలోనే చెప్తాను. ఏ బండిలోనైనా కొన్ని కాన్ఫిగ్ ఫైల్లో ఉంటాయి, కొన్ని హార్డ్‌కోడ్ చేసి ఉంటాయి. షోరూములో మనవాళ్ళు చూసేవన్నీ మొదటిరకంవే. సీటు మెత్తగా ఉందా, హ్యాండిల్ అందుతోందా, అద్దాలు బావున్నాయా, ముందు గ్లాసు ఉందా లేదా. ఇవన్నీ తర్వాత మార్చుకోవచ్చు. దీనికి మంచి ఉదాహరణ అవెంజరే. 2015లో బజాజ్ వాళ్ళు ఒకే అస్థిపంజరం మీద రెండు 220 బండ్లు దించారు. ఒకదానికి ఎత్తు హ్యాండిలు, వెనక ఆనుడు పెట్టి క్రూజ్ అన్నారు. ఇంకోదానికి పొట్టి హ్యాండిలు, నల్లరంగు వేసి స్ట్రీట్ అన్నారు. చూసేవాడికి రెండు వేరువేరు బండ్లు. కింద ఎముకలు అవే.

మార్చలేనివి వేరే ఉన్నాయి. ఫుట్‌పెగ్గులు నడుముకి ఎంత ముందున్నాయి. వెనక చక్రం ఎన్ని మిల్లీమీటర్లు కదులుతుంది. బండి బరువెంత. కింద చోటెంత. ఇంజను వణుకు ఎంత. ఈ ఐదూ కొన్నరోజు ఎలా ఉంటాయో అమ్మేరోజు కూడా అలాగే ఉంటాయి. షాకబ్జార్బర్లు మార్పిస్తే కొంత మెరుగవుతుందేమో గానీ లేని చోటు పుట్టుకురాదు. ఫుట్‌పెగ్గులు వెనక్కి జరిపించడం అంటే గేరు, బ్రేకు లింకులన్నీ కదిలించడం. చెయ్యగలిగిన మెకానిక్ దొరికినా వారంటీ పోతుంది. సోకు కోసం మొదటిరకంలో ఏదైనా వదులుకోండి, నేనేమీ అనను. రెండోరకంలో మాత్రం మన ఒళ్ళు, మన రోడ్డు ఏం అడుగుతున్నాయో దానికే లొంగాలి.

సీటు గురించి ఒక మాట. షోరూములో వేలితో నొక్కి చూసి "దూదిలా ఉంది" అని మురిసిపోకండి. మెత్తటి ఫోము మొదటి ఇరవై నిమిషాలే సుఖం. తర్వాత అది అణిగిపోయి మనం కింద రేకు మీద కూర్చున్నట్టవుతుంది. కాస్త గట్టిగా ఉండి వెడల్పుగా ఉన్నదే మూడో గంటలో ఆదుకుంటుంది. కొత్త పరుపుకీ, పాత నవారు మంచానికీ ఉన్న తేడా.

ఇదంతా ఇంత పట్టుదలగా ఎందుకు చెప్తున్నానంటే మన వృత్తి అలాంటిది. తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చుని వచ్చేవాళ్ళం. నాకూ రెండేళ్ళ క్రితం ఎమ్మారై తీసి ఎల్ఫోర్-ఎల్ఫైవ్ మధ్య డిస్కు ఉబ్బిందన్నారు. మా ఫ్లోరులో ఈ నంబరు తెలియనివాళ్ళు తక్కువ, పిన్ కోడ్ చెప్పుకున్నట్టు చెప్పుకుంటాం :) స్వీడన్‌కి చెందిన ఆల్ఫ్ నాచెమ్సన్ అనే ఎముకల డాక్టరు 1960లలోనే బతికున్న మనుషుల డిస్కుల్లోకి సూది పంపి ఒత్తిడి కొలిచాడు. నిలబడినప్పటికంటే, ఆనుకోకుండా కూర్చున్నప్పుడు ఎక్కువ. కూర్చుని ముందుకి వంగితే ఇంకా ఎక్కువ. కాళ్ళు ముందుకి చాపి, వెనక ఆనుడు లేకుండా, చేతులు హ్యాండిల్ కోసం సాచి కూర్చుంటే ఏమవుతుంది? నడుము దగ్గర ఉండాల్సిన ఒంపు పోయి వీపు కొడవలిలా వంగుతుంది. అంటే ఆఫీసులో ఏ భంగిమ వద్దని ఫిజియోథెరపిస్టు మొత్తుకుంటోందో, అదే భంగిమని లక్షలు పోసి కొని, దానికి గుంతలు కూడా కలుపుకుంటున్నాం. పాతికేళ్ళ కుర్రాడికి ఇది లెక్కలోకి రాదు, వాడికి ఏ బండైనా ఒకటే. మనకలా కాదు.

ఇక వెనక కూర్చునేవాళ్ళు. క్రూయిజర్ల గురించి మగాళ్ళు రాసే రాతల్లో ఈ మనిషి కనపడరు. బండి వెనక భాగం ఎంత పొట్టిగా, ఎంత బోడిగా ఉంటే అంత స్టైలు అని ఇప్పుడొక లెక్క. ఇంకాస్త ముందుకెళ్ళి జావా పెరక్ లాంటి బాబర్లలో రెండో సీటే తీసేశారు. అది మళ్ళీ నయం, "ఇందులో నీకు చోటు లేదు" అని ముఖాన చెప్పేస్తుంది. అరచేయంత సీటు పెట్టి ఇద్దరు కూర్చోవచ్చని చెప్పేవాటితోనే చిక్కు. మోటారు వాహనాల నిబంధనల్లో 123వది వెనక కూర్చునేవారికి పట్టుకోడానికి పిడి, కాళ్ళు పెట్టుకోడానికి చోటు, వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలంటుంది. కుర్రాళ్ళు బండి ఇంటికి రాగానే మొదట పీకించేది ఆ రక్షణనే, చీర కొంగు కోసం పెట్టింది అది. 2021లో ఒక పెళ్ళికూతురి డాన్సుతో ఊరూవాడా మోగిపోయిన 'బుల్లెట్టు బండి' పాట గుర్తుందిగా? ఆ పాట పాడేది బండి నడిపేవాడు కాదు, వెనక కూర్చుని వచ్చే అమ్మాయి. పొడుగాటి బెంచీ లాంటి సీటున్న బుల్లెట్టు కాబట్టి అంత హుషారుగా పాడింది గానీ, ఈ కాలపు అరచేయి సీటు మీదైతే రెండో చరణానికి దిగిపోయేది.

మా ఆవిణ్ణి ఒక షోరూముకి తీసుకెళ్ళాను. వాళ్ళు చూపించిన ఓ పెద్ద క్రూయిజర్ మీద నేను కూర్చున్నాను. సేల్స్ కుర్రాడు "సార్, మీ పర్సనాలిటీకి సూపరుంది" అన్నాడు. తను వెనక ఎక్కి ఒక నిమిషం కూర్చుని దిగింది. బయటికొచ్చాక "ముందు కూర్చున్నవాళ్ళకి పర్సనాలిటీ, వెనక కూర్చున్నదానికి అమృతాంజనమా అండీ?" అంది. నేను ఆరు నెలలుగా చదివిన రివ్యూలన్నీ కలిపినా ఇంత సూటిగా లేవు. ఇద్దరూ సరిగ్గా కూర్చోలేని బండికి నేను ఇంట్లో ఓటు తెచ్చుకోలేను. తెచ్చుకోకూడదు కూడా. వారం వారం బండి తీసుకుని ఒక్కణ్ణే పోయే వయసు కాదిది.

మా అమ్మానాన్నలు ఖమ్మంలో ఉంటారు. మియాపూర్ నుంచి సూర్యాపేట మీదుగా రెండొందల కిలోమీటర్ల పైచిలుకు. నా బండి చెయ్యాల్సిన పెద్ద పని అదే, నెలకోసారి అక్కడికి వెళ్ళి రావడం. అందుకే షోరూమువాళ్ళు ఇచ్చే పది నిమిషాల టెస్ట్ రైడుని నేను పట్టించుకోను. బ్లాకు చుట్టూ ఒక రౌండు తిరిగి బండి కొనడం అంటే లాగిన్ పేజీ తెరుచుకుందని సాఫ్ట్‌వేరు మొత్తానికి సంతకం పెట్టెయ్యడమే. రోజు అద్దెకి బండ్లిచ్చేవాళ్ళు హైదరాబాదు నిండా ఉన్నారు. మీటియర్ 350 ఒకటి రెండు రోజులకి తీసుకుని ఇద్దరం ఖమ్మం వెళ్ళొచ్చాం. నార్కట్‌పల్లిలో ఒకసారి, సూర్యాపేటలో ఒకసారి దిగి టీ తాగాం. దిగేటప్పుడు నా చెయ్యి నడుము మీదకి వెళ్ళలేదు. అదీ నా కొలత. మా ఆవిడ వెనక ఆనుడుకి ఆనుకుని నార్కట్‌పల్లి దాటాక నిద్రపోబోయింది, నేనే గట్టిగా మాట్లాడి లేపాను.

ఆ బండి పక్కా క్రూయిజర్ కాదని మా టీములో కుర్రాళ్ళు వెక్కిరిస్తారు. "అన్నా, అది సగం క్రూయిజరే" అంటారు. నిజమే. కాళ్ళు ముందుకే ఉంటాయి గానీ చాపినట్టుండవు, మోకాళ్ళు మడిచే ఉంటాయి. స్పీడ్ బ్రేకర్ వస్తే కాస్త లేవడానికి వీలవుతుంది. సీటు 765 మిల్లీమీటర్లు, అంటే అన్నగారైన 650 కంటే ఎత్తు. ఇంజను 349 సీసీ, 20 గుర్రాలు, లోపల వణుకు తగ్గించే బ్యాలెన్సర్ ఉంది. గంటకి ఎనభై తొంభైలో హాయిగా పోతుంది. అంతకు మించి ఉరకమంటే ఆయాసపడుతుంది. సూపర్ మీటియర్ది 648 సీసీ, 47 గుర్రాలు. ఆ రెండు సిలిండర్ల శబ్దం వింటే నాకిప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. రోడ్డు మీద ఎదురొస్తే తల తిప్పి చూస్తాను, ఆ మాట దాచను. కానీ దాని బరువు 241 కిలోలు, చిన్నదానిది 191. తేడా యాభై, అంటే రెండు పాతిక కిలోల బియ్యం బస్తాలు. ఆ రెండు బస్తాలతో సహా మా అపార్టుమెంటు సెల్లారులో, రెండు స్తంభాల మధ్య, వాలులో వెనక్కి నెట్టాల్సింది నేనే. ఎల్ఫోర్-ఎల్ఫైవ్ కూడా నాదే. ఇవన్నీ చాలవన్నట్టు 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్లకి జీఎస్టీ 18 శాతం, దాటితే 40 శాతం చేశారు. సగం క్రూయిజర్ చాలనుకునేవాడికి ప్రభుత్వం కూడా తోడొచ్చింది.

మన రోడ్లకి సగం క్రూయిజరే సరైన క్రూయిజర్ అని నా వాదన. మిగతా సగం అరిజోనా కోసం చేసింది. ఇది కాదనేవాళ్ళు ఉంటారు, ముఖ్యంగా ఔటర్ అవతల ఫామ్‌హౌసు ఉండి, ఇంట్లో కారు ఇంకోటి ఉండి, బండి ఆదివారాలకి మాత్రమే తీసేవాళ్ళు. వాళ్ళ లెక్క వేరు. ఒక్కరే పోయేది, తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద గంట తిరిగి వచ్చేది అయితే పెద్ద బండే తీసుకోండి, నాకు అభ్యంతరం లేదు, ఒకసారి నాకూ ఇవ్వండి చాలు. నా వాదన రోజూ ఆఫీసుకీ, నెలకోసారి ఊరికీ, ఇద్దరూ కలిసి పోయేవాళ్ళ గురించి.

అడ్వాన్సు కట్టేశాను. ముందు గ్లాసు పెట్టించాలి, హైవే మీద గాలి ఛాతీకి కొట్టకుండా. వెనక ఆనుడు ఎలాగూ కావాలి. సీటు సంగతి రెండు వేల కిలోమీటర్లు తిరిగాక చూస్తాను. రంగు మాత్రం ఇంకా తేలలేదు. నాకు నలుపు కావాలి. మా ఆవిడేమో, వెనక ఎలాగూ నేనే కూర్చుంటాను కాబట్టి రంగు కూడా నేనే చెప్తాను, ఎరుపు అంటోంది.